ఎఱ్ఱరాళ్ల నడుమ విన్న సంగీతము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను భారతమును గూర్చి మాటాడుమనిరి. వారి అనుమతితో వేఱొక సంగతి విన్నవించెదను. మా నాయనగారు కరణము. 1984లో ఆ పదవి రద్దయినది. నేను సహకార సంఘములో లెక్కలు వ్రాయుచున్నాను. చూచినది, విన్నది ఉన్నదున్నట్లు అప్పగించుటయే నాకు చేతనగును.

2018లో నేనును నా భార్యయు అమెరికాలోని డెన్వరు నగరమున నున్న మా అమ్మాయి యొద్దకు పోయితిమి. ఆగస్టు 1వ తేదీ సాయంకాలము ఆమె మమ్ము రెడ్ రాక్స్ అను ఆరుబయటి రంగస్థలమునకు తోడ్కొనిపోయెను. సముద్రమట్టమునకు 6,450 అడుగుల యెత్తున, ఇంచుమించు 300 అడుగుల యెఱ్ఱని యిసుకరాతి బండలు రెండు ఎదురెదురుగా నిలిచియున్నవి. వాని నడుమ మెట్లుమెట్లుగా ఆసనములు. తొమ్మిదివేలకు పైబడిన జనము పట్టును. పనిలేని యువకులకు ప్రభుత్వము పని కల్పించిన రోజులలో వారి చేతులతో కట్టించి, 1941లో తెఱచిరట. పైకెక్కుసరికి నాకు ఆయాసము వచ్చెను.

వేదికపై ఒక కుర్చీ, ఒక మనిషి, ఒక వాద్యము. మృదంగము లేదు, తంబుర లేదు. ఇంత జనమునకు ఇదేమి కచేరియా యనుకొంటిని. టిక్కెట్టు వెల అమ్మాయి చెప్పలేదు. నేను మాత్రము మనసులో డాలర్లను రూపాయలలోనికి మార్చుచునే యుంటిని.

ఆ విద్వాంసుడు యో యో మా. 1955లో పారిస్ నగరమున చైనా దేశీయులైన తల్లిదండ్రులకు జన్మించి, నాలుగేండ్ల ప్రాయముననే చెల్లో పట్టినవాడు. చెల్లో యనగా మన ఫిడేలునకు పెద్దన్న యనుకొనుడు. మోకాళ్ల నడుమ నిలిపికొని, కూర్చుండి కమానుతో వాయింతురు. దాని నాదము పురుషకంఠమునకు మిక్కిలి దగ్గఱ. ఈయన 1999లో న్యూయార్కులో తన చెల్లోను, 1733 నాటి దానిని, టాక్సీలో మఱచి దిగిపోయెను. చేత రసీదు ఉండుటచే అది ఆనాడే దొరకెను. రసీదులు పాఱవేయు మన సంఘసభ్యులు గమనింతురు గాక!

ఆ రాత్రి వాయించినవి జర్మనీ దేశపు బాఖ్ 1720 ప్రాంతమున కూర్చిన ఆఱు సూట్లు. ఒక్కొక్కదానిలో ఆఱేసి భాగములు, మొత్తము ముప్పదియాఱు. ఆ సంఖ్యకు సరిగా లోకమున ముప్పదియాఱు చోట్ల వీనిని వాయింప సంకల్పించి, తొలి కచేరి అక్కడ చేసెను. త్యాగయ్యగారు పుట్టుటకు పదునేడేండ్ల ముందే బాఖ్ గతించెను. ఆయన స్వదస్తూరి ప్రతి దొరకలేదు; భార్య అన్నా మగ్దలేనా వ్రాసిన నకలు నిలిచినది. అసలు పోయి నకలు మిగిలిన దస్తావేజులు నేనెన్నో చూచితిని గాని, ఇంత విలువైన నకలును గూర్చి వినలేదు. పిమ్మట ఎంతోకాలము వీనిని అభ్యాసపాఠములుగానే యెంచిరి. 1890లో పాబ్లో కసాల్స్ అను పదుమూడేండ్ల బాలుడు బార్సిలోనాలోని యొక దుకాణమున అచ్చుప్రతి చూచి, పండ్రెండేండ్లు సాధన చేసి, ఆపైననే సభలో వాయించెను.

ద్వారం వెంకటస్వామినాయుడుగారి రికార్డులు విన్న చెవి నాది. మొదట శ్రుతికై, గమకమునకై వెదకుకొని విసిగితిని. ఆదిపర్వమును ఈ గదిలోనే మొదట చదివినపుడు సగము పదములకు నాకు అర్థము తెలియలేదు, అయినను విడువలేదు. ఇక్కడను అట్లే చేయుదమని చెవి యొగ్గితిని. కొంతసేపటికి, ఒక్క కమానే పై తంత్రికిని క్రింది తంత్రికిని నడుమ తిరుగుచుండగా, ఇద్దఱు మాటాడుకొనుచున్నట్లు వినవచ్చెను. క్రిందివాడే తంబుర పని కూడ చేయుచుండెను! అది తెలిసిన పిదప నాకు కుర్చీలో ఒంటరి మనిషి కనబడలేదు.

అయిదవ సూట్ వచ్చుసరికి చీకటి పడినది. అందలి నాలుగవ భాగమున జంటస్వరము ఒకటియు లేదు. ఒక్కొక్క స్వరమే, దాని వెనుక మఱియొకటి. అప్పుడు నా ముంజేతిపై ఏదో కదలినట్లు తోచి చూచితిని. మా అమ్మాయి యెడమచేతి వ్రేళ్లు. ఆమె యెఱుకలేకయే నా చేతిపై స్వరస్థానములను నొక్కుచుండెను.

ఈ గ్రంథాలయపు వరండాలో ఆదివారములందు ఒక మాస్టారు పిల్లలకు ఫిడేలు నేర్పిన సంగతి మీకు జ్ఞాపకముండును. మా అమ్మాయి అయిదేండ్లు నేర్చెను. పదవ తరగతికి వచ్చినపుడు నేను మాన్పించి, ఫిడేలును గుడ్డలో చుట్టి అటకపై పెట్టితిని. ఆమె ఏడ్వలేదు, ఎదురాడలేదు. అదియే మేలనుకొంటిని. లెక్క ప్రకారము నేను తప్పలేదు. చదువు వచ్చెను, ఉద్యోగము వచ్చెను. ఆ రాత్రి టిక్కెట్లు కూడ ఆ జీతములోనివే. అయినను ఆ వ్రేళ్లు పదునాలుగేండ్లుగా ఏ పద్దులో నున్నవో నాకు తెలియలేదు.

తిరుగుదారిలో కారు నడుపుచు, "నాన్నా, నా ఫిడేలు ఇంకా ఉందా?" అని యడిగెను.

"ఉందమ్మా" అంటిని. ఇల్లు చేరువఱకు మఱి మాటాడలేదు.

ఊరికి వచ్చి అటకపైనుండి దింపి చూచితిని. తంత్రులు రెండు తెగినవి, కమాను వెండ్రుకలను ఎలుకలు కొఱికినవి. చెక్క చెడలేదు. బాగుచేయించి అమ్మాయికి జాబు వ్రాయగా, తాను అక్కడ వేఱొకటి కొనుక్కొంటిననియు, దీనిని మాస్టారు నేర్పిన చోటనే ఉంచుమనియు బదులు వ్రాసినది.

ఇదిగో, ఆ ఫిడేలు. పుస్తకములవలె దీనిని పిల్లలు ఇంటికి తీసికొనిపోవచ్చును. పదవ తరగతివారికి ఇయ్యమని మాత్రము అనరాదు. నా షరతు అదొక్కటే. కార్యదర్శిగారు వస్తువుల రిజిస్టరులో చేర్చి, నాకు రసీదు ఇప్పింప ప్రార్థించుచున్నాను.