భామాకలాపము: నాడును నేడును



నేను నేడు ప్రసంగింపదలచినది భామాకలాపమును గూర్చి. ఆటయు, పాటయు, మాటయు ఒక్కటిగా కూడిన రచనను మన పూర్వులు కలాపమనిరి. అట్టి శృంగార గేయరూపకములలో మన దేశమున దీనికి మించిన ప్రసిద్ధి వేరొకదానికి లేదు. ఇది పలుమారులు క్షీణించి, పలుమారులు తలయెత్తినది. ఇట్లు తలయెత్తిన ప్రతిసారియు ఏమి నిలిచెనో, ఏమి జారిపోయెనో విచారించుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

కథ మిక్కిలి చిన్నది. సత్యభామ శమంతకమణి గల సత్రాజిత్తు కూతురు, రూపవతి, అభిమానవతి. ఒకనాడు తామిద్దరిలో ఎవరు సుందరులను ప్రసంగము రాగా ఆమె తానే యనును. స్వామి అలిగి వెడలిపోవును. అటుపిమ్మట విరహము, చెలికత్తె మాధవితో మొర, లేఖ, రాయబారము, సవతితో వాగ్వాదము, తుదకు సమాగమము. నంది తిమ్మన పారిజాతాపహరణమందలి సత్యభామకును ఈమెకును స్వభావమొక్కటియే; కాని అచట కలహమునకు పువ్వు కారణము, ఇచట అందము కారణము. అయినను కొన్ని యూళ్లవారు దీనినే పారిజాతమని పిలుతురు. భక్తులు ఈ కథయందు జీవాత్మ పరమాత్మల వియోగసంయోగములను చూతురు. అహంకారము తొలగినగాని స్వామి మరలి రాడను మాట చదువు లేనివానికిని సులభముగా బోధపడును.

దీనిని రచించినవాడు సిద్ధేంద్రయోగి యని ఐతిహ్యము. ఆయన కృష్ణా మండలమున మొవ్వ చెంతనున్న కూచిపూడి బ్రాహ్మణ బాలురకు దీనిని నేర్పి, ఆ గ్రామమున పుట్టిన ప్రతి పురుషుడును జన్మమున ఒక్కసారియైన సత్యభామ వేషము ధరింపవలెనని మాట తీసికొనెనట. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా వారి ఆటను చూచి మెచ్చి ఆ గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని మరియొక ఐతిహ్యము. తానీషా రాజ్యము 1687తో ముగిసినది గనుక, ఈ మాట నిజమైనచో అంతకు ముందే యీ విద్య అచట ప్రౌఢిమ నందియుండవలెను. ఐతిహ్యము నటుంచినను, 1763 నాటి పంపక పత్రమొకటి యున్నది. అందు కూచిపూడి భూమి పదునైదు ఇంటిపేర్ల వారికి పంచబడినది. వేదాంతము, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి అను వంశములు ఆ కోవలోనివి. భూమి వలెనే విద్యయు వంశములను పట్టి నిలిచినది.

ఇక ఆడు విధానము. గ్రామమధ్యమున గాని, దేవాలయము ముందు గాని పందిరి వేసి, రాత్రి భోజనములైన పిమ్మట ప్రారంభించి తెల్లవారుజాము వరకు ఆడెడివారు. ఇరువురు తెర పట్టుదురు. తెర వెనుకనుండి సత్యభామ తన నిడుపైన జడను తెరపై వేయును. తనతో పాటలోను, ఆటలోను, శాస్త్రప్రసంగములోను పోటీపడి గెలువగల వారున్నచో ఈ జడను కోయవచ్చునని సభకు విసరిన సవాలది. దివిటీలపై గుగ్గిలము చల్లగా మంట భగ్గున లేచును; ఆ వెలుగున తెర తొలగును. ప్రవేశదరువుతో సత్యభామ తన పేరును, వంశమును, గొప్పను తానే పాడి తానే ఆడును. సూత్రధారుడే సత్యభామ యెదుట మాధవి, కృష్ణుని యెదుట మాధవుడు. శ్రోతలకు నవ్వు పుట్టించువాడు, కథ నడుపువాడు, నాయిక గర్వమును గిచ్చి చూపువాడు అతడే.

ఇందు రెండు ఘట్టములు ముఖ్యముగా గమనింపదగినవి. మొదటిది పేరు చెప్పు ఘట్టము. నీ భర్త యెవరమ్మా యని మాధవి అడుగును. కులస్త్రీ భర్త పేరు నోట పలుకరాదు గదా! సత్యభామ సిగ్గుపడును, తడబడును, గుర్తులు చెప్పును, పొడుపుమాటలు చెప్పును. మాధవి తెలిసియు తెలియనట్లు నటించును. రెండవది లేఖ. ఎంత గర్వించిన సత్యభామయైనను లేఖ వ్రాయునప్పటికి దాసీభావము వహించును. ఆ లేఖను గొనిపోవుటకు మాధవి ముక్కుపుడక లంచమడుగును. సర్వాభరణముల నిచ్చినను ముక్కుపుడక నిచ్చుటకు సత్యభామ మనసొగ్గదు. అది సౌభాగ్యచిహ్నము, ఆమె గర్వమునకు కడపటి గురుతు. దాని నిచ్చిన క్షణముననే కథ మలుపు తిరిగినది. ఈ రెండు ఘట్టములకును ప్రాణము వాచికము.

ఈ కలాపము కూచిపూడి వారిది మాత్రమే యనుకొనుట పొరపాటు. గోదావరీ మండలమున దేవాలయములను ఆశ్రయించియున్న కలావంతుల స్త్రీలు దీనిని తరతరములుగా ఆడిరి. పిఠాపురమున కుంతీమాధవస్వామి సన్నిధిని నవజనార్దన పారిజాతమను పేర తొమ్మిది రాత్రులు ఆడుట కలదు. ఇక శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములలో తూర్పు భాగవతుల మేళములు మద్దెల ప్రధానముగా ఈ సత్యభామ కథనే ఆడుచు వచ్చినవి. అగ్రహారపు పురుషులు, ఆలయపు స్త్రీలు, పల్లె మేళములు, ఈ ముగ్గురి యిండ్లలోను పెరిగిన బిడ్డ మన భామాకలాపము.

ఈ విద్యకు క్షీణదశ 19వ శతాబ్దపు చివర ప్రారంభమైనది. పారసీ, ధార్వాడ నాటక సమాజములు రంగు తెరలతోను, హార్మోనియముతోను మన దేశమునకు వచ్చెను. జనులు అటు పరుగెత్తిరి. కూచిపూడిలో చింతా వేంకటరామయ్యగారు (1860–1949) కాలము నెరిగి, అనేక పాత్రలు గల ప్రహ్లాద, ఉషాపరిణయాది యక్షగానములను సిద్ధపరచి, మేళమును నిలిపిరి. ఆ మేళము బ్రతికినది. కాని ఇరువురు ముగ్గురు పాత్రలతో రాత్రియంతయు సాగు కలాపము కొంత వెనుకబడెను. పిమ్మట చలనచిత్రము వచ్చెను. మరియొక వైపున, దేవాలయములకు బాలికలను సమర్పించు ఆచారమును నిషేధించుచు మద్రాసు రాష్ట్రమున 1947లో చట్టము వచ్చెను. అది న్యాయమైన చట్టమే. కాని దురాచారమును తొలగించినవారు ఆ స్త్రీల విద్యకు వేరొక నీడ కల్పింపరైరి. పాడిన కంఠములు ఇండ్లలో మూగవోయినవి.

పునరుద్ధరణమును గూర్చి చెప్పుదును. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు వంశముల గడప దాటించి స్త్రీలకును ఈ విద్య నేర్పిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, సత్యభామ కథను ఒక్క సాయంకాలమున ముగియునట్లు తీర్చి దేశవిదేశములకు గొనిపోయిరి. ఆయన శిష్యురాలు శోభానాయుడుగారు (1956–2020) సత్యభామగా అఖండకీర్తి నార్జించిరి. పురుషులలో వేదాంతం సత్యనారాయణశర్మగారు 2012లో దివంగతులగు వరకు ఆ వేషమునకు పర్యాయపదముగా నుండిరి. నటరాజ రామకృష్ణగారు (1923–2011) వృద్ధకళావతులను వెదకి, వారి ముఖతః నేర్చి, నవజనార్దనమును మరల రంగమున నిలిపిరి. ఆయన శిష్యులు కళాకృష్ణగారు అందు సత్యభామయై ప్రసిద్ధులైరి.

ఇచట గ్రామమందలి పెద్దలు కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు: సత్యభామ వేషము పురుషుడు వేయవలసినది, స్త్రీలు వేయుట సంప్రదాయ విరుద్ధమని. కూచిపూడి మేళము వరకు అది ప్రాచీన నియమమే. కాని గోదావరీ తీరమున స్త్రీలే ఆ వేషము కట్టిరని ఇప్పుడే చెప్పితిని. కావున స్త్రీలు వచ్చుటచేత కలాపమునకు హాని కలుగలేదు. పైగా, వారు రానిచో ఈ విద్య నేటికి ఎంత నిలిచియుండెడిదో ఆలోచింపుడు.

హాని వేరొక చోట కలిగినది. నేడు సభలలో సాధారణముగా చూచునది ప్రవేశదరువు మాత్రమే. అరగంటలో జడ చూపి, గర్వము చూపి, చప్పట్లు పొంది వెడలిపోవుదురు. గర్వము కనిపించును గాని గర్వభంగము కనిపింపదు. ముక్కుపుడక యిచ్చు ఘట్టమువరకు వచ్చు ఆటలు అరుదు. అంతకు మించిన లోపము, నటి తాను పాడుట మానినది. ప్రక్కన గాయకుడు పాడగా, లేక ముందే ముద్రించిన ధ్వని మ్రోగగా, ఆమె పెదవులు మాత్రము కదపును. భర్త పేరు పలుకుటకు సిగ్గుపడు స్త్రీ కంఠము వేరొకరిదైనచో ఆ సిగ్గు ఎవరిది? తడబాటు ముఖమున నుండి గొంతు తడబడనిచో రసమెట్లు కలుగును? మన లాక్షణికులు ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయమును నాలుగు విధములుగా చెప్పిరి. వానిలో నొకదానిని తీసివేసి మిగిలిన మూడింటిని ఎంత అలంకరించినను నాలుగుకాళ్ల మంచమునకు మూడు కాళ్లే యగును.

నర్తకులను నిందించుట నా యభిప్రాయము కాదు. అడిగినవారెవరు? వినువారుండిన పాడువారుందురు. రాత్రియంతయు కూర్చుండి పద్యమునకు తలయూచిన సభ్యులు మన గ్రామములలోనే యుండిరి; వారు లేచిపోగా వాచికమును లేచిపోయెను.

కావున గ్రామపెద్దలకు నాదొక మనవి. దేవుని ఉత్సవములకు చందాలు వేయుదుము. ధ్వనివర్ధక యంత్రములకు, దీపాలంకారములకు వ్యయము చేయుదుము. అందు ఒక్క రాత్రిని భామాకలాపమునకు కేటాయింపుడు. మేళమువారితో ముందుగా మాటాడి, ప్రవేశము మొదలు సమాగమము వరకు ఆడవలెననియు, వేషధారి స్వయముగా పాడి మాటలాడవలెననియు కోరుడు. యువకులకు అర్థము కానిచోట విసుగుకొనక కథను ముందుగా చెప్పుడు. మీ యిండ్ల అటకలపై తాటియాకు పుస్తకములున్నచో చెదలకు విడువక, చదువగలవారికి చూపుడు. ఒక్కొక్క యూరి ప్రతిలో ఒక్కొక్క దరువు అధికముగా నుండవచ్చును. మీ ప్రాంతమున ఈ పదములు వచ్చిన వృద్ధస్త్రీ యున్నచో, ఆమె ఏ కులమున పుట్టెనని అడుగక, ఏమి నేర్చెనని అడిగి, గౌరవముతో పాడించి వ్రాసికొనుడు.

పునరుద్ధరణ మనగా పాత జడకు కొత్త పూలు ముడుచుట మాత్రమే కాదు. ఆ జడ వేసి సవాలు చేసిన నోటికి మరల మాట నిచ్చుట. ఆ పని పట్టణపు రంగశాలల కంటె పల్లెపందిళ్లలోనే సులభము. ఏలయన, అది పుట్టినది అచటనే.