టీ షర్టు మీదికి బొమ్మ ఎలా ఎక్కుతుంది?

కాలేజీ వార్షికోత్సవానికి పాతిక టీ షర్టుల మీద మీ బృందం పేరు వేయించాలనుకున్నారు. డబ్బు కట్టేముందు తేల్చుకోవలసింది రంగు కాదు, గుడ్డ నూలుదా, పాలిస్టరా అన్నది. ఎందుకో చూద్దాం.

బదిలీ ముద్రణలో బొమ్మను ముందుగా కాగితంపై అచ్చువేసి, తర్వాత వేడితో గుడ్డకు ఎక్కిస్తారు. వీటిలో సబ్లిమేషన్ పద్ధతి రసాయనశాస్త్రం చదివేవారికి ముచ్చట గొలుపుతుంది. కర్పూరం కరగకుండానే ఆవిరి కావడం మీరెరిగినదే. ఇందులో వాడే డిస్పర్స్ రంగులూ అంతే. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో అర నిమిషం నుంచి నిమిషం దాకా నొక్కి ఉంచితే రంగు ఆవిరై, వేడికి సడలిన పాలిస్టర్ పోగులోకి చొరబడుతుంది. చల్లారాక అక్కడే చిక్కుకుపోతుంది. అందుకే తడిమితే బొమ్మ చేతికి తగలదు. కాగితం మీద వెలిసినట్టున్న రంగు గుడ్డపై మెరుస్తుంది.

నూలు పోగు సెల్యులోజ్. నీటిని పీల్చుకునే ఆ పోగు ఈ రంగులను పట్టి ఉంచలేదు. ఉతికితే బొమ్మ వెలిసిపోతుంది. మిశ్రమ గుడ్డలో పాలిస్టర్ వంతు మేరకే రంగు నిలుస్తుంది. నూలుకు వినైల్ పొరో, ప్లాస్టిసాల్ సిరాతో అచ్చువేసిన కాగితమో వాడాలి. అవి పైపైన అంటుకుంటాయి. వేడి, ఒత్తిడి చాలకపోతే పెచ్చులూడతాయి. నల్లగుడ్డకూ అవే దిక్కు. సబ్లిమేషన్‌లో తెల్ల సిరా లేదు మరి.

గుడ్డ ఏదో తెలియకపోతే ఒక్క పోగు లాగి, పెద్దల సమక్షంలో పట్టకారుతో పట్టి వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

అన్నట్టు, సబ్లిమేషన్ కాగితంపై అక్షరాలను తిరగేసి అచ్చువేయాలి. లేకుంటే మీ బృందం పేరు చదవడానికి అద్దం కావాలి!