అడవిపందిపై ఏ తూటా పనికివస్తుంది?

మక్క కంకి పాలు పోసుకొనే వేళకు, పల్లికాయ ఊరే వేళకు మన మోత్కూరు చుట్టుపట్ల చేలమీద అడవిపందులు పడుట నేను మీకు చెప్పవలసిన సంగతి కాదు. మొన్న ఒక పెద్దాయన, లైసెన్సు తుపాకి గలవాడు, మా ఆఫీసు అరుగుమీద కూర్చుండి అడిగిండు: "సారూ, పర్మిషన్ కాయితం తెచ్చుకొనే కాల్చిన. పంది కేకపెట్టి ఆముదపు చేన్ల పడ్డది. తెల్లారి చూస్తే నెత్తురే గాని పంది లేదు. ఏ తూటా కొనాలె?"

గాయపడిన పంది చేన్లో పండి ఉంటే పొద్దున కలుపుకు పోయే ఆడకూలీల గతి ఏమిటో ఆలోచించండి. అందుకే ఈనాడు తూటా సంగతి ముచ్చటిద్దాము.

ముందు కాయితం మాట. వన్యప్రాణి రక్షణ చట్టము 1972లో వచ్చినది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి అడవిపందిని రెండవ షెడ్యూలులో చేర్చినది. నిలిచిన పంటను పాడుచేసే పందిని చంపుటకు ఆ చట్టము 11వ సెక్షను క్రింద అటవీశాఖ అధికారి వ్రాతమూలకంగా అనుమతి ఇవ్వవలెను. నోటిమాట చెల్లదు. చచ్చిన పంది సర్కారు సొత్తు, కూరకు పంచుకునేది కాదు.

ఇక తూటా. రైఫిలు తూటాలు ముఖ్యంగా రెండు తీరులు. ఒకటి, సీసమును ముక్కు దాకా రాగి తొడుగుతో మూసినది. ఇది పందిని సన్నని రంధ్రము చేసి అవతలికి దూసిపోతుంది. పంది పరుగెత్తి ఎక్కడో చస్తుంది, తూటా మాత్రం పక్క చేను కాపలాదారు వైపు పోతుంది. రెండవది, ముక్కు దగ్గర సీసము బయటికి కనబడే సాఫ్ట్‌నోస్ తూటా. శరీరమున తగలగానే ముక్కు పుట్టగొడుగు వలె విచ్చుకొని, వెడల్పు పెరిగి, తన బలమంతా లోపలనే దిగబోస్తుంది. ఈ రకపు తూటాను 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కార్ఖానాలో చేసిరి. పేరు అక్కడిదే. 1899 హేగ్ ప్రకటన యుద్ధములో దానిని నిషేధించినది. వేటలో మాత్రం జంతువు తొందరగా పడిపోవుటకు అదే మేలు.

అయితే విచ్చుకుంటే చాలునా? చాలదు. ముదురు మగపందికి జబ్బమీద చర్మము కింద గట్టి డాలు వంటి పొర ఉంటుంది. మరీ మెత్తని తూటా దానిమీదనే చితికి ముక్కలై, పైగాయము చేసి ఊరుకుంటుంది. కాబట్టి విచ్చుకోవలె, విచ్చుకొని కూడా ఒక్క ముద్దగా నిలిచి లోతుకు పోవలె. సీసమును తొడుగుకు అతికించిన తూటాలు, మొత్తము రాగితో చేసినవి ఈ పనికి నమ్మదగినవి. ధర ఎక్కువే. ఇంకొక మాట: తూటా విచ్చుకొనుటకు వేగము కావలె. దూరము పోయినకొద్దీ వేగము తగ్గి, మంచి తూటా కూడా మూసిన తూటా వలెనే దూసిపోతుంది. అందుచేత దగ్గరకు రానిచ్చి, ముందుకాలి వెనుక, కింది మూడోవంతులో కాల్చవలెను.

మనలో చాలామందికి రైఫిలు ఉండదు. 12 బోరు తుపాకియో, ముందునుంచి మందు కూరే నాటుతుపాకియో ఉంటుంది. 12 బోరులో పిట్టల రవ్వల తూటా పందికి పనికిరాదు. గాయము చేసి పగ పెంచుట తప్ప. ఎల్‌జీ వంటి పెద్ద గుండ్ల తూటా ముప్పది గజాల లోపుననే నమ్మవలె. ఆ పైన గుండ్లు చెదిరిపోతవి. ఒంటిగుండు కాల్చదలచిన యెడల, మీ గొట్టము చివర ఇరుకు, అనగా చోక్, ఉన్నదేమో తుపాకులు బాగుచేసేవానికి చూపి గాని కాల్చరాదు. తాతల నాటి తుపాకికి 65 మిల్లీమీటర్ల గది ఉండవచ్చు. దానిలో 70 మిల్లీమీటర్ల తూటా దూరుతుంది గాని, విచ్చుకొనుటకు చోటు చాలక పీడనము పెరిగి గొట్టము పగలవచ్చు. గొట్టముమీది అంకె చదివించుకొనుడు.

పాత తూటాలను ఇంటి చూరులో దాచేవారున్నరు. వానకాలపు తేమకు ఇత్తడి పచ్చబడుతుంది, కాగితపు తొడుగు ఉబ్బుతుంది. అటువంటివి చేన్లో పరీక్షించవద్దు, డీలరుకో పోలీసుకో అప్పగించండి. కాల్చి పేలకపోతే గొట్టము నేలవైపు పెట్టి అర నిమిషము ఆగండి. కొత్తవి లైసెన్సుపై, రశీదుతో, ఒకే పెట్టెలోనివి కొనండి.

మంచె మరువకుడు. పాతవాళ్లు దూరము చూచుటకు కట్టిరి. తుపాకికి దాని ఉపయోగము వేరు. మంచెమీది నుండి కిందికి కాల్చిన తూటా, పందిని దాటినా మట్టిలో దిగుతుంది. సమతలమున కాల్చినది ఎక్కడ ఆగునో ఎవరికీ తెలియదు. గుర్తుపట్టని నీడమీద కాల్చరాదు. నీళ్లు పెట్ట వచ్చిన మనిషి కూడా చీకట్లో వంగి నడుస్తడు.

కరెంటు తీగలు పరచుట, నాటుబాంబులు పెట్టుట మాత్రం వద్దు. అవి నేరము, పైగా మనుషులను, ఎడ్లను తింటవి. తుపాకి లేనివారు చేను చుట్టూ నాలుగు సాళ్లు ఆముదమో, ముండ్లున్న కుసుమో ఒత్తుగా వేసి చూడండి. పంట నష్టము జరిగితే, పొద్దెక్కక ముందే అడుగుల గుర్తులు చూపించి అటవీశాఖ రేంజి ఆఫీసులో అర్జీ ఇవ్వండి. అనుమతి కాయితము కూడా అక్కడనే అడగవలె. సెలవు.