స్వీడన్‌లో మళ్లీ సైన్యం పిలుపు

నిర్బంధ సైనిక సేవను స్వీడన్ 2010లో పక్కన పెట్టింది. ఇష్టపడి వచ్చేవాళ్లతోనే సైన్యం నడుస్తుందనుకుంది. నడవలేదు, రావాల్సినంత మంది రాలేదు. ఇంతలో 2014లో రష్యా క్రిమియాను కలిపేసుకుంది. 2017 మార్చిలో స్వీడన్ ప్రభుత్వం ఆ సేవను మళ్లీ అమల్లోకి తేవాలని నిర్ణయించింది. ఈసారి ఆడపిల్లలకు కూడా.

పద్ధతి చూడండి. పద్దెనిమిదో ఏట యువ పౌరులందరికీ ఒక ప్రశ్నావళి వస్తుంది. ఆరోగ్యం ఎలా ఉంది, చదువేమిటి, సైన్యంలో చేరాలని ఉందా? జవాబివ్వడం తప్పనిసరి. వాళ్లలో కొందరినే పరీక్షలకు పిలుస్తారు. కంటిచూపు, వినికిడి, కండబలం, ఆపైన మనస్తత్వ నిపుణుడితో మాటామంతీ. ఆ వయసువాళ్లు దాదాపు లక్షమంది ఉంటే, మొదట్లో ఏటా తీసుకోవాలనుకున్నది 4,000 మందినే.

ఇష్టాన్ని ముందుగా అడగడం నాకు బాగా నచ్చింది. కానీ ఎంపికయ్యాక కాదనడం నేరం, జైలు దాకా వెళ్లొచ్చు. ఇరవై ఏళ్లైనా నిండని పిల్లల విషయంలో అది చిన్న మాట కాదు. ఆయుధం పట్టలేనని మనస్సాక్షితో చెప్పేవాళ్లకు చట్టం వేరే దారి ఉంచింది. అదే లేకుంటే ఈ పద్ధతిని నేను సమర్థించేవాణ్ణి కాదు.