వేన్నీళ్లు, చల్లగాలి: కాస్త జాగ్రత్త

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు చాలా ఇళ్లలో బోరునీళ్లే గతి. పప్పు ఓ పట్టాన ఉడకని నీళ్లవి! కాగేటప్పుడు వాటిలోని సున్నం గీజరు కడ్డీకి తెల్లగా చెక్కు కడుతుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు ఖర్చు పెరుగుతుంది, చివరికి కడ్డీయే కాలిపోతుంది. అందుకని కార్తీకంలోపే మెకానిక్కును పిలిపించి చెక్కు తీయించండి. సేఫ్టీ వాల్వు, ఎర్తు తీగ కూడా చూపించుకోండి.

బకెట్లో రాడ్డు పెట్టేవారికి ఒక మాట. మా పక్కింటావిడ ఓ రోజు తొందరలో స్విచ్చి ఆపకుండా నీళ్లలో వేలు పెట్టింది. అదృష్టం కొద్దీ బతికింది. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీశాకే నీళ్లు ముట్టుకోండి. గ్యాసు గీజరైతే గాలి ఆడని స్నానాలగదిలో వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం మాత్రం తీస్తుంది.

శివరాత్రికి చలి శివశివా అని పోతుంది, కూలరు బయటికొస్తుంది. పాత గడ్డి మార్చండి. వారానికోసారి ప్లగ్గు తీసి, తొట్టి ఖాళీ చేసి, తోమి ఆరబెట్టండి. నిలవనీళ్లలోనే గదా డెంగీ దోమ పుట్టేది! ఈ సంగతులు ఇంట్లో మగవాళ్లకీ, పిల్లలకీ కూడా చెప్పండేం. సెలవు.