రాసిన నోటీసు సభ్యుడికి కనిపించాలి గదా!

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వెబ్‌సైటు పని చూస్తున్న ముగ్గురిలో నేనొకణ్ణి కావడం వల్ల కార్యదర్శిగారు ఈ విషయం నాకు అప్పగించారు. "నోటీసు పెట్టామని మీరంటారు, మాకేమో కనబడదు" అని సభ్యులు తరచు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పమన్నారు. నా తర్వాత భోజనాలేనని కూడా గుర్తు చేశారు గనుక సూటిగా విషయంలోకి వస్తాను.

మనం పనిచేసిన రోజుల్లో సర్క్యులరు టైపు చేయించడం ఒక పని. దాన్ని ఏ బోర్డు మీద పెట్టాలో నిర్ణయించి, అద్దాల తలుపు తాళం తీసి, గుండుసూదులతో గుచ్చడం ఇంకొక పని. టైపయిన కాగితం సెక్షను బల్ల సొరుగులో ఉంటే ఎవరికి తెలుస్తుంది? వెబ్‌సైటులోనూ ఈ రెండు పనులూ వేర్వేరే. నోటీసు రాసి భద్రం చేయడంతో సగం పని మాత్రమే అవుతుంది.

మన సైటు డ్రూపల్ అనే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం మీద నడుస్తోంది. పేజీలను కోడు రాసి తయారుచేసే అవసరం లేకుండా, ఫారాలు నింపితే సమాచారాన్ని డేటాబేసులో దాచి, అడిగినప్పుడు పేజీగా కూర్చి ఇచ్చే సాఫ్ట్‌వేరు అది. బెల్జియం దేశస్థుడైన డ్రీస్ బ్యూటార్ట్ విద్యార్థిగా ఉన్నప్పుడు తయారుచేసి 2001లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. ఆయన తన సైటుకు డచ్చి భాషలో 'ఊరు' అనే అర్థమిచ్చే 'డోర్ప్' అని పేరు పెట్టబోయి, అక్షరాలు తారుమారై 'డ్రాప్' అని టైపు చేశారట. ఆ చుక్క పేరే సాఫ్ట్‌వేరుకూ నిలిచిపోయింది. టైపింగు పొరపాట్లు మన సెక్షన్లకే పరిమితం కావన్నమాట.

ఇక అసలు విషయం. మీరు తెరిచే పేజీ ఒకే ముద్ద కాదు. మధ్యలో వ్యాసమో, ఫారమో ఉంటుంది. దాని చుట్టూ మెనూ, ఫోన్ నంబర్ల పెట్టె, ప్రకటనల పెట్టె ఉంటాయి. ఈ ఒక్కో పెట్టెనూ బ్లాకు అంటారు. కొన్ని బ్లాకులు సాఫ్ట్‌వేరుతోనే వస్తాయి. మనం సొంతంగా రాసుకునే వాటిని పాత వెర్షన్లలో కస్టమ్ బ్లాకులు అనేవారు, కొత్త వెర్షన్లలో కంటెంట్ బ్లాకులు అంటున్నారు. పేరు మారినా పని అదే.

రాసేటప్పుడు ఫారంలో రెండు గళ్ళు వస్తాయి. మొదటిది బ్లాకు వివరణ. ఇది నిర్వాహకులు గుర్తుపట్టడానికి. ఫైలు మీద రాసుకునే సబ్జెక్టు లాంటిదనుకోండి. రెండోది అసలు విషయం. సేవ్ నొక్కగానే బ్లాకు తయారైందని తెర మీద సందేశం వస్తుంది. చాలామంది ఇక్కడే లేచిపోయి కాఫీ తాగుతారు!

బ్లాకు ఇంకా సొరుగులోనే ఉంది. 'స్ట్రక్చర్' కింద 'బ్లాక్ లేఅవుట్' అనే పేజీ తెరిస్తే, తల భాగం, పక్క పట్టీ, మధ్య భాగం, అడుగు భాగం అంటూ సైటులోని రీజియన్ల జాబితా వస్తుంది. కావలసిన రీజియన్ ఎదురుగా 'ప్లేస్ బ్లాక్' నొక్కి, మన బ్లాకును ఎంచుకుని అక్కడ పెట్టాలి. శీర్షిక కనిపించాలా వద్దా అన్నదీ అప్పుడే అడుగుతుంది. ఒకే బ్లాకును రెండు మూడు చోట్ల పెట్టుకోవచ్చు. తర్వాత సంఘం ఫోన్ నంబరు మారిందనుకోండి, బ్లాకులో ఒక్కసారి దిద్దితే పెట్టిన ప్రతిచోటా మారుతుంది. పది పేజీల్లో పదిసార్లు దిద్దడం, అందులో ఒకటి మరిచిపోవడం అనే బాధ తప్పింది.

ఏ షరతూ పెట్టకపోతే బ్లాకు అన్ని పేజీల్లోనూ కనిపిస్తుంది. షరతులు పెట్టినప్పుడే జాగ్రత్త అవసరం. ఏయే పేజీల్లో, ఏ తరహా వాడుకరులకు చూపాలో అక్కడ చెప్పవచ్చు. మనకిది నిజంగా అవసరమే. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. 80 ఏళ్ళు నిండినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చని 2019లో ఉత్తర్వు వచ్చింది. ఇ.పి.ఎస్. 95 పింఛనుదారులకు నవంబరు నియమం లేదు. ఏడాదిలో ఎప్పుడిచ్చినా ఆనాటి నుంచి ఏడాది చెల్లుతుంది. ఒకరి నోటీసు ఇంకొకరు చదివితే కంగారే. అందుకే ఎవరి పేజీల్లో వారి బ్లాకు కనిపించేలా షరతు పెట్టాం.

అయితే ఈ షరతే బెడిసికొట్టిన సంగతి ఒకటి చెప్పాలి. ఇంకో ఊరి సంఘంవారు అక్టోబరు నోటీసును ముందు పేజీకే పరిమితం చేశారు. వారి సభ్యులొకరు, 82 ఏళ్ళ పెద్దాయన, మనవడు వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి నేరుగా ఫారాల పేజీకి వెళ్ళేవారు. ముందు పేజీ ఆయన ఎన్నడూ చూడలేదు. అక్టోబరులో కూర్చుని తీరిగ్గా చేసుకోవలసిన పనికి నవంబరు రద్దీలో బ్యాంకు క్యూలో నిలబడ్డారు. "నోటీసు పెట్టామండీ" అన్నారు నిర్వాహకులు. పెట్టిన మాట నిజమే. ఆయన నడిచే దారిలో పెట్టలేదు. పత్రం అందకపోతే పింఛను ఆగుతుంది. ఇచ్చాక బకాయితో సహా రావచ్చు గాని, ఆ మధ్య నెలలో మందుల షాపువాడు ఆగుతాడా?

ఇంకో చిక్కు ఫోను తెచ్చిపెట్టింది. కంప్యూటరు తెర మీద కుడి పక్కన కళ్ళకు కట్టినట్టుండే పట్టీ, ఫోనులో చాలా సైట్లలో వ్యాసమంతా అయిపోయాక అడుగున వస్తుంది. కంప్యూటరు ముందు కూర్చున్న నిర్వాహకుడికి ఇది తోచదు. గడువున్న నోటీసును మధ్య భాగానికి పైనున్న రీజియన్‌లో పెట్టాలని మేము నియమం చేసుకున్నాం. ఉత్తర్వు కాగితాన్ని ఫోటో తీసి బ్లాకులో అంటించకూడదని కూడా అనుకున్నాం. చూపు తగ్గినవారు అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఫోటోలోని అక్షరాలు అలాగే ఉండిపోతాయి. చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ అవి అందవు. కాస్త శ్రమైనా టైపు చేయాల్సిందే.

నిర్వాహకుడు లాగిన్ అయి చూస్తాడు, సభ్యుడు లాగిన్ లేకుండా చూస్తాడు. బ్లాకు షరతుల్లో లాగిన్ అయినవారికే అని ఉంటే ఒకరికి కనిపించి, ఒకరికి కనిపించదు. ఇద్దరూ నిజమే చెబుతూ పోట్లాడుకుంటారు! పేజీ త్వరగా తెరుచుకోవడానికి దాచి ఉంచే పాత ప్రతి వల్ల కూడా కొంతసేపు ఇలా జరగవచ్చు. సైటు రూపాన్నిచ్చే థీము మార్చినప్పుడు బ్లాకుల చోట్లు మళ్ళీ సరిచూసుకోవాలి, ఎందుకంటే రీజియన్లు ఆ థీముకు చెందినవి.

గడువు తీరిన బ్లాకు తనంతట తాను తొలగిపోదు. అదనపు మాడ్యూలు వేసుకుంటే తప్ప డ్రూపల్‌లో తేదీ షరతు లేదు. నిరుటి తేదీ ఇంకా వేలాడుతుంటే ఈ ఏటిదనుకునే ప్రమాదముంది. కనుక పెట్టిన తేదీ, తీయవలసిన తేదీ, బాధ్యుడి సంతకం అని మూడు గళ్ళతో రిజిస్టరు తెరిచాం. కంప్యూటరుకు రిజిస్టరేమిటని మా ఇంట్లో పిల్లలు నవ్వారు. నవ్వనీండి.

సభ్యులు మరొకటి అడుగుతున్నారు, నోటీసు లింకు పంపమని. బ్లాకుకు సొంత చిరునామా ఉండదు. అందుకే పూర్తి వివరం ఒక పేజీలో రాసి, బ్లాకులో రెండు వాక్యాలూ, ఆ పేజీకి లింకూ ఇస్తున్నాం. ఆ పేజీ లింకును వాట్సాప్‌లో నిశ్చింతగా పంపుకోవచ్చు.

రాబోయే అక్టోబరు 1న ఉదయం మీ ఫోనులో సైటు తెరవండి. ముందు పేజీ మాత్రమే కాదు, మీరు మామూలుగా వెళ్ళే పేజీ తెరవండి. నోటీసు కనిపించకపోతే, చూసింది ఏ పేజీయో, ఫోనులోనో కంప్యూటరులోనో, లాగిన్ అయ్యారో లేదో, ఈ మూడూ మాకు చెప్పండి. ఎక్కడ దిద్దాలో వాటిని బట్టి తెలిసిపోతుంది. వెనక వరుసలో చేయి ఎత్తినవారు ప్రశ్న అడగవచ్చు.