పింగాణీ కప్పులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగం గురించి వద్దు, మీకున్న పిచ్చి గురించి చెప్పండి అన్నారు నిర్వాహకులు. నా పిచ్చి ఏమిటో మా ఇంటికి వచ్చినవాళ్లకు తెలుసు. హాల్లో షోకేసు ఉండాల్సిన చోట మా ఇంట్లో కరెంటు స్తంభాల మీది ఇన్సులేటర్లు ఉంటాయి. పింగాణీవి, గాజువి, చిన్నవి, పెద్దవి కలిపి 142. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ వాటిని ఊరగాయ జాడీల మూతలనుకుంది. సంగతి తెలిశాక, దుమ్ము దులిపే పని నాదేనని ఒప్పందం చేయించుకుంది.

ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన నీక్ వెర్మ్యూలెన్ విమానాల్లో వాంతి వస్తే వాడే కాగితం సంచుల్ని ఆరు వేలకు పైగా పోగుచేసి గిన్నిస్ రికార్డు కెక్కాడు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లా క్రాస్ అనే చిన్న ఊళ్లో ముళ్ల తీగకే ఒక మ్యూజియం ఉంది. ముళ్ల తీగ సేకరించేవాళ్లు 18 అంగుళాల ముక్కలుగా కత్తిరించి, బోర్డుకు కట్టి, ఏ ముడి ఎవరి పేటెంటో పక్కన రాసుకుంటారు. మన సాలార్‌జంగ్ మ్యూజియం కూడా ఒక కుటుంబం సేకరణే. కానీ వాళ్లకు సంపద ఉంది, అందమైనవి కొన్నారు. నేను చెబుతున్నవాళ్లు ఎవరూ కొననివి, పారేసినవి ఏరుకుంటారు.

నా సేకరణకు కూడా పెద్ద కుటుంబమే ఉంది. అమెరికాలో రైల్వేల వెంట ఉన్న పాత టెలిగ్రాఫ్ లైన్లు విప్పేస్తున్న రోజుల్లో వేలమంది వాటి గాజు ఇన్సులేటర్లు ఏరుకున్నారు. 1973లో జాతీయ సంఘమే పెట్టుకున్నారు. ఎన్.ఆర్. వుడ్‌వర్డ్ అనే ఆయన ఒక్కో ఆకారానికి ఒక్కో సీడీ నంబరు ఇచ్చాడు. హెమింగ్రే కంపెనీ తయారుచేసిన 42వ రకం లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి దానికి పెద్ద ధర లేదు. అరుదైనవి వేల డాలర్లు పలుకుతాయి. ఇసుకలో ఇనుము ఉంటే గాజుకు నీలి ఆకుపచ్చ రంగు వస్తుంది. ఆ రంగు పోవడానికి మాంగనీసు కలిపితే, ఏళ్ల తరబడి ఎండ తగిలాక అదే గాజు ఊదా రంగుకు తిరుగుతుంది. స్తంభం మీద ఎన్నేళ్లు ఎండలో నిలబడిందో ఆ గాజు ఒంటి మీదే రాసి ఉంటుందన్నమాట. రేడియేషన్ పెట్టి దొంగరంగు తెప్పించేవాళ్లూ ఉన్నారు. పిచ్చి ఉన్న చోట మోసం లేకుండా పోదు.

ఇందులో ఆనందం ఏమిటని అడుగుతారు. ఒక చిన్న పని చెబుతాను, చేసి చూడండి. ఈసారి రైల్లో వెళ్లేటప్పుడు కిటికీలోంచి పెద్ద టవర్లు కనబడితే, తీగను మోస్తూ వేలాడే పళ్లేల దండను చూడండి. తొమ్మిది పళ్లేలుంటే సాధారణంగా 132 కేవీ లైను. పదమూడో పద్నాలుగో ఉంటే 220 కేవీ. ఇరవై దాటితే 400 కేవీ. పళ్లేలకు బదులు బూడిద రంగు కడ్డీలాంటిది ఉంటే అది కొత్త సిలికాన్ రబ్బరు రకం. అప్పటిదాకా ఒట్టి టవరుగా కనబడింది మీతో మాట్లాడటం మొదలుపెడుతుంది. ముళ్ల తీగ వాడికి కంచె, కాగితం సంచుల వాడికి విమానం సీటు జేబు అలాగే మాట్లాడతాయి. ఎవరూ చూడనిదాన్ని చూడటం అలవాటవుతుంది. మాకు దొరికే సుఖం అదే.

నాకు ఆ చూపు ఈ బడిలోనే వచ్చింది. అదీ ఒక తప్పు చేసి తెచ్చుకున్నాను. ఆ సంగతి ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

అప్పుడు ఎనిమిదో తరగతి. మా బ్యాచి రైలు కట్ట పక్కనుంచి నడిచి బడికి వచ్చేది. కట్ట వెంబడి ఇనప స్తంభాలు, వాటికి వరసగా తెల్ల పింగాణీ కప్పులు, కప్పుల మీదుగా తంతి తీగలు. రాయి విసిరి కప్పు పగలగొట్టడం మా పందెం. ఠంగుమని మోగితే ఒక మార్కు, పగిలితే పది. ఆ ఏడు మొత్తం మీద నాదే మొదటి ర్యాంకు. లెక్కల్లో ఎప్పుడూ రాలేదు, అందులో వచ్చింది.

ఒకరోజు సైన్సు మాస్టారు సైకిలు ఆపి చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు క్లాసుకు సగం పగిలిన కప్పు తెచ్చి చేతి నుంచి చేతికి తిప్పించారు. "ఇది లోపల బోలుగా ఎందుకుంది? గంటలాగా రెండు అంచులెందుకు?" అని అడిగారు. ఎవరికీ తెలియలేదు. గొడుగు కింద నేల తడవనట్టు, వానలో పైన తడిసినా లోపలి అంచు పొడిగా ఉంటుందని, పొడిగా ఉన్నంత సేపు తీగలో కరెంటు స్తంభంలోకి కారదని చెప్పారు. "ఒక స్తంభం దగ్గర కారేది కొంచెమే. వంద స్తంభాల దగ్గర కొంచెం కొంచెం కారితే అవతలి ఊరికి చేరేదేముంది? పగిలిన కప్పుతో వానాకాలం వస్తే ఎవరి ఇంటికో కబురు అందదురా" అన్నారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ వానాకాలంలోనే మా తాతగారు పోయారు. మా నాన్నకు టెలిగ్రాం రెండు రోజులు ఆలస్యంగా అందింది. ఆయన వెళ్లేసరికి చితి ఆరిపోయింది. టెలిగ్రాం ఎందుకు ఆలస్యమైందో మాకెవరూ చెప్పలేదు, మా నాన్న అడగలేదు. వరదలున్నాయి, సెలవుంది, కారణాలు చాలా ఉండొచ్చు. నేను పగలగొట్టిన కప్పుల వల్లేనని ఏ ఇంజనీరూ అనడు. ఇంజనీరుగా నేనూ అనను. కానీ మా నాన్న అరుగు మీద ఆ కాగితం పట్టుకుని కూర్చున్నప్పుడు నా జేబులో రాళ్లున్నాయి. ఆయన బతికుండగా ఈ మాట చెప్పలేకపోయాను.

పదో తరగతి అయ్యాక మాస్టారి దగ్గరికి వెళ్లి ఆ సగం కప్పు అడిగి తీసుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు. నా పుస్తకంలో అది ఒకటో నంబరు. మిగతా 141 దాని వెనకే వచ్చాయి. పాత ఇనుము కొట్ల దగ్గర, తుక్కు వేలాల్లో కొన్నవి, స్నేహితులు ఇచ్చినవి. స్తంభం మీంచి విప్పింది ఒక్కటీ లేదు. పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. లైను మీదిది లైనుదే, దాని జోలికి వెళితే ప్రాణమే పోతుంది.

ఆ తర్వాత కట్ట వెంబడి తీగలు పోయాయి, నేల కింద కేబుళ్లు వచ్చాయి. 2013 జులైలో దేశంలో టెలిగ్రామే ఆగిపోయింది. ఇప్పటి పిల్లలకు ఆ తెల్ల కప్పు చూపిస్తే ఏమిటో తెలియదు. చూపించడానికైనా ఒకటుండాలి కదా.

సేకరించేవాళ్లకు నేను నేర్చుకున్న ఒక్క నియమం చెబుతాను. వస్తువు దొరికిన రోజే ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర దొరికిందో చీటీ రాసి కట్టండి. చీటీ లేనిది మన తర్వాత మళ్లీ తుక్కులోకే పోతుంది. మీ ఇళ్లలో మన బడివి ఏవో ఉండే ఉంటాయి. ప్రోగ్రెస్ కార్డు, పరీక్ష హాలు టికెట్, ఇంకు బుడ్డి, ఆటల పోటీల రిబ్బను. పారేయకండి. నాలుగు మాటలు రాసి సంఘానికి ఇవ్వండి. సైన్సు గదిలో ఒక బీరువా ఖాళీ చేయిస్తామని హెడ్మాస్టరు గారు మాటిచ్చారు.

ఆ బీరువాలోకి మొదటిది నేను తెచ్చాను. ఇదిగో, ఈ సగం కప్పు. చీటీ మీద ఇలా రాశాను: "మన ఊరి రైలు కట్ట. పగలగొట్టినవాడు: ఎనిమిదో తరగతి విద్యార్థి. భద్రపరిచినవారు: సైన్సు మాస్టారు." మాస్టారు ఇవాళ లేరు. వారి అమ్మాయి ముందు వరుసలో ఉన్నారు. అమ్మా, మీరు వేదిక మీదికి వచ్చి దీన్ని బడి తరఫున తీసుకోవాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.